ఆ ఒత్తు ఎముకది

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. కొడుకులిద్దరూ రాజమండ్రిలో తండ్రి అస్థికలు గోదాట్లో కలిపి, ఆ సాయంత్రమే ఆస్తి మాట ఎత్తడం చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అయితే నువ్వు రాసిన ప్రకారం వాళ్లు కలిపింది "అస్తికలు", పంచుకున్నది "ఆస్థి". ఎముకకి ఉండాల్సిన ఒత్తు తీసి పొలానికి పెట్టావు. కథంతా ఆ రెండు మాటల మధ్యే నడుస్తోంది కనక చెబుతున్నాను.

మాట్లాడేటప్పుడు మనలో చాలామందిమి ఒత్తులు పలకం. చెవికి తెలియని తేడాని చేత్తో రాయాల్సి వచ్చేసరికి అంచనా మీద పెట్టేస్తాం. పైగా ఒత్తుంటే మాటకి పెద్దరికం వస్తుందని ఓ నమ్మకం. అందుకే బాధ "భాద" అవుతుంది, ఉచ్చారణ "ఉచ్ఛారణ" అవుతుంది, బహుమతి ప్రదానం "ప్రధానం" అయిపోతుంది. దీర్ఘాలూ అంతే. సభకి పిలిచినవాళ్లు ఆహూతులు. దీర్ఘం జారితే హోమంలో వేసే ఆహుతులు. నా తొలిరోజుల్లో ఒక ఆహ్వానపత్రిక ప్రూఫులు నేనే దిద్దాను. ఆ దీర్ఘం కనిపెట్టలేదు. కార్డులన్నీ అలాగే పంచాం. ఇప్పటికీ ఆ మాట రాయాలంటే కలం ఆగుతుంది.

పెద్దరికం కోసం తగిలించే ఇంకొకటి "త". ప్రముఖం నుంచి ప్రాముఖ్యం, నిపుణుడి నుంచి నైపుణ్యం వచ్చాయి. నిపుణత అన్నా సరే. "నైపుణ్యత" అంటే మాత్రం చొక్కా మీద చొక్కా. అసలు "ఈ పొలానికి ఎంతో ప్రాముఖ్యత ఉంది" అని నీ కథలో ముసలాయన అంటాడా? "ఈ చెక్కే మనకి దిక్కురా" అంటాడు. ఆయన్ని అననీ.

పొట్టి శ్రీరాములు 1952లో 58 రోజులు చేసింది నిరశన. అశనం అంటే తిండి. రోడ్డెక్కి నినాదాలిస్తే అది నిరసన. ఈ రెంటినీ కలిపేస్తే ఆయన పస్తు మాటలోంచి మాయమవుతుంది.

గ్రాంథికం రాయమంటున్నానని అనుకోకు. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి గారు జీవితమంతా పోరాడారు. వచ్చాడు, వచ్చిండు, వచ్చినాడు: ఏదైనా ఆ మనిషి నోటి మాటైతే తప్పుకాదు, ఎవరు దిద్దమన్నా దిద్దకు. సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాట దగ్గర మాత్రం అనుమానమొస్తే నిఘంటువు తియ్యి.

ఆ రెండు మాటలూ సరిచేసి కథ మళ్లీ పంపు. చిన్నకొడుకు రేవులో తడిబట్టలతో నిలబడిన పేరా ముట్టుకోవద్దు.