మూడు క్లౌడ్ సర్టిఫికెట్లు ఎందుకు?

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ డిగ్రీ ఈమధ్యే పూర్తయింది. కోడింగ్ వచ్చు, అనుభవం లేదు. సర్వర్లు అద్దెకిచ్చే ఏడబ్ల్యూఎస్ (అమెజాన్‌ది), అజూర్ (మైక్రోసాఫ్ట్‌ది), గూగుల్ క్లౌడ్ మూడింట్లోనూ సర్టిఫికేషన్లు చేసేస్తే ఉద్యోగం త్వరగా వస్తుందని స్నేహితులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: మూడూ వద్దు. ఒకటి చేయండి, అదీ కాస్త ఆగి చేయండి.

ఫ్రెషర్ సర్టిఫికెట్‌కి నిజంగా గిరాకీ ఉన్న చోటు ఒకటుంది. క్లౌడ్ కంపెనీలకు పార్ట్‌నర్లుగా పనిచేసే సర్వీసెస్ సంస్థలు తమ హోదా నిలుపుకోవాలంటే సర్టిఫికేషన్ ఉన్న ఉద్యోగులు ఇంతమంది ఉండాలనే షరతు ఉంటుంది. మిమ్మల్ని తీసుకుంటే ఆ లెక్కలో మీరూ చేరతారు. సొంత ప్రొడక్ట్ తయారుచేసే కంపెనీలకు సాధారణంగా ఈ అవసరం ఉండదు. అక్కడ కోడింగ్ రౌండ్ గట్టెక్కకపోతే సర్టిఫికెట్ ఊసే రాదు.

ఏ క్లౌడ్ అనేది మీరు అప్లై చేయబోయే ఉద్యోగ ప్రకటనలు ఓ ముప్పై చదివితే తేలిపోతుంది. ఏడబ్ల్యూఎస్‌లో క్లౌడ్ ప్రాక్టీషనర్, అజూర్‌లో ఏజెడ్-900 లాంటివి పరిచయ స్థాయి పరీక్షలు, సేల్స్ వాళ్లు కూడా రాస్తారు. సీఎస్ చదివినవాళ్లు వాటికి ఫీజు కట్టడం నాకైతే దండగనిపిస్తుంది. ఏడబ్ల్యూఎస్ అయితే నేరుగా సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్‌కి వెళ్లండి. 65 ప్రశ్నలు, 130 నిమిషాలు, 1000కి 720 వస్తే పాస్. మూడేళ్లు చెల్లుతుంది. అజూర్‌లో అడ్మినిస్ట్రేటర్ పరీక్ష ఏజెడ్-104కి గడువు ఏడాదే, రెన్యువల్ మాత్రం ఉచితం.

డంప్స్ (బయటికి పొక్కిన పరీక్ష ప్రశ్నలు) బట్టీపట్టి పాసయ్యేవాళ్లు ఉన్నారు. బయటపడితే సర్టిఫికెట్ రద్దు చేస్తారన్నది అలా ఉంచండి, ఇంటర్వ్యూలోనే దొరికిపోతారు. /24 సబ్‌నెట్‌లో (256 అడ్రస్‌లుండే నెట్‌వర్క్ ముక్క) ఎన్ని ఐపీలు వాడుకోవచ్చని అడిగారనుకోండి. కాలేజీలో నేర్చుకున్న లెక్క 254. ఏడబ్ల్యూఎస్‌లో 251, ఎందుకంటే ప్రతి సబ్‌నెట్‌లోనూ ఐదింటిని అదే అట్టిపెట్టుకుంటుంది. ఇంతవరకూ బట్టీ పనిచేస్తుంది. "సరే, ప్రైవేట్ సబ్‌నెట్‌లోని సర్వర్‌కి ఇంటర్నెట్ అందడం లేదు, ముందు ఎక్కడ చూస్తారు?" అంటే రౌట్ టేబుల్‌తో (ట్రాఫిక్ ఎటు వెళ్లాలో చెప్పే పట్టిక) ఓ రాత్రంతా కుస్తీ పట్టినవాళ్లే తడుముకోకుండా చెప్పగలరు.

అందుకే ముందు మీ ఫైనలియర్ ప్రాజెక్టునే క్లౌడ్‌లోకి ఎక్కించండి. ముందువైపు ట్రాఫిక్‌ను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్, వెనక ప్రైవేట్ సబ్‌నెట్‌లో డేటాబేస్. కన్సోల్‌లో క్లిక్కులతో కాకుండా అంతా టెరాఫామ్‌లో (క్లౌడ్ సెటప్‌ను కోడ్‌గా రాసే టూల్) రాసి గిట్‌హబ్‌లో పెట్టండి (యాక్సెస్ కీలు పొరపాటున కూడా అందులోకి పోకూడదు). మొదటి రోజే బడ్జెట్ అలర్ట్ పెట్టుకోండి. అలర్ట్ చెబుతుందే తప్ప ఖర్చును ఆపదు. ప్రైవేట్ సబ్‌నెట్‌లోని సర్వర్లకు ఇంటర్నెట్ దారి ఇచ్చే నాట్ గేట్‌వే అయితే మీరు వాడినా వాడకపోయినా గంటల లెక్కన బిల్లు వేస్తూనే ఉంటుంది. కాబట్టి రోజూ పనయ్యాక టెరాఫామ్ డిస్ట్రాయ్ కమాండ్ కొట్టి అంతా తీసేసి, మర్నాడు మొత్తం మళ్లీ లేపండి. ఏదో ఒక రోజు అది లేవదు. ఎందుకు లేవలేదో మీ అంతట మీరే పట్టుకున్నాక పరీక్షకి స్లాట్ బుక్ చేసుకోండి.