మైసూరు పీజీకి బ్యాంకు అప్పు తీసుకోండి, అమ్మ నగలు కదపకండి

ప్రశ్న: మాది కడప. నాకు 25 ఏళ్లు. సికింద్రాబాద్‌లో బీఏఎస్‌ఎల్‌పీ (మాట, వినికిడి సమస్యలకు చికిత్స నేర్పే డిగ్రీ) చదివి, రెండేళ్లకు పైగా కడపలోనే ఒక పిల్లల థెరపీ సెంటర్‌లో స్పీచ్ థెరపిస్టుగా చేస్తున్నాను. జీతం 24 వేలు. ఇంట్లో 10 వేలు ఇస్తాను. నెలకు 6 వేలు బ్యాంకులో ఆర్‌డీ కడుతున్నాను, ఇప్పటికి 1.6 లక్షలైంది. నాన్న ప్రొద్దుటూరులో బట్టల కొట్లో గుమాస్తా, జీతం 18 వేలు. సొంత ఇల్లుంది. తమ్ముడు డిగ్రీ రెండో ఏడాది. నా డిగ్రీకి నాన్న చీటీ పాడి ఫీజు కట్టారు, బ్యాంకు అప్పు తీసుకోలేదు. ఇప్పుడు స్పీచ్‌లో పీజీ చేయాలని ఉంది. మైసూరులో సీటు వస్తే ఫీజు, హాస్టలు అన్నీ కలిపి రెండేళ్లకు 4 లక్షలు అవుతుందని లెక్క వేసుకున్నాను. కన్సల్టెన్సీ వాళ్లేమో యూకే వెళ్లమంటున్నారు, 30 లక్షలట, ఇల్లు పెడితే అప్పు వస్తుందట. నాన్న పనిచేసే కొట్టు యజమాని రెండు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. అమ్మకు 12 తులాల బంగారం ఉంది. నా పెళ్లికని 5 లక్షల ఎఫ్‌డీ ఉంది. పీజీ చేసిన మా సీనియర్‌కు బెంగళూరులో 38 వేలు వస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే మా నాయన గుర్తొచ్చాడు. ఎనిమిదేళ్ల కింద ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యీ మాటా రెండూ పోయాయి. చెయ్యి ఆరు నెలలకు కొంత దారికొచ్చింది, మాట రాలేదు. కడపలో మాకెవరూ దొరక్క వారానికి రెండుసార్లు తిరుపతి తీసుకుపోయేవాళ్లం. అక్కడ మీ ఈడు అమ్మాయి ఒకామె ఆయన ముందు మూడు చెంచాలు పెట్టి ‘ఎన్ని ఉన్నాయి పెద్దాయనా?’ అనేది. ఆయన నోరు తెరిచి అట్లాగే ఆగిపోయేవాడు. ‘సరే, మొదటినుంచి లెక్కపెట్టండి’ అంటే ‘ఒకటి, రెండు, మూడు’ అని గబగబా వచ్చేసేది. అక్కడ ఆమె చెయ్యి అడ్డం పెట్టి ‘అదే, ఆ మాటే’ అని మళ్లీ చెంచాలు చూపించేది. విడిగా అడిగితే దొరకని మాట వరసలో పెడితే దొరుకుతుందని నేను అప్పుడు తెలుసుకున్నాను. ఐదో వారం లెక్కపెట్టకుండానే ‘మూడు’ అన్నాడు. మా అమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది. ఆ ఏడాది ఖర్చు రాసిన నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరుంది. థెరపీ ఫీజు కన్నా కారు బాడుగకే ఎక్కువ పెట్టాం.

అందుకే మీరు ఇంకా చదువుకుని మన జిల్లాకే రావాలని నాకు గట్టిగా ఉంది. కానీ నా కోరిక మీ లెక్కను పాడు చేయకూడదు కాబట్టి ముందు లెక్కే చూద్దాం.

బీఏఎస్‌ఎల్‌పీతో, మీ వృత్తివాళ్లను నమోదు చేసే కేంద్ర సంస్థ రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయి ఉంటే మీరు సొంతంగా ప్రాక్టీసు పెట్టుకోవడానికి పీజీ అక్కర్లేదు. ఆ కౌన్సిల్‌కు సంబంధించిన 1992 చట్టం ప్రకారం కావాల్సింది ఆ రిజిస్ట్రేషనే. సెషన్‌కు ఫీజిచ్చే తల్లి గోడ మీద డిగ్రీ చూడదు, పిల్లవాడు ‘అమ్మ’ అన్నాడా లేదా అనేదే చూస్తుంది. మరి పీజీ దేనికి? కాలేజీలో పాఠం చెప్పే ఉద్యోగానికి పీజీ ఉండాలి. పక్షవాతం వచ్చినవాళ్లు, మింగలేనివాళ్లు, తలకు దెబ్బ తగిలి మాట పోయినవాళ్లు వచ్చే పెద్దాసుపత్రుల్లో పీజీ చేసినవాళ్లకు ముందు పిలుపు వస్తుంది. మీరిప్పుడు చూస్తున్నది పిల్లల్నే. పెద్దవాళ్ల పని చేతికి రావాలంటే అలాంటి కేసులు రోజూ వచ్చే చోట రెండేళ్లు ఉండాల్సిందే. మీకు పీజీ కావాల్సింది దీనికోసమైతే చేయండి. జీతం పెరుగుతుందని మాత్రమే అయితే కింది లెక్క చదివాక మళ్లీ ఆలోచించండి.

మీరు 4 లక్షలు అని రాశారు. అది సగం ఖర్చు కూడా కాదు. ఇది ఉద్యోగం చేస్తూ చదివే చదువు కాదు, రెండేళ్లూ క్లినిక్‌లోనే గడపాలి. అంటే 24 నెలల జీతం, 5.76 లక్షలు పోతుంది. రెండూ కలిపితే 9.76 లక్షలు. మీ సీనియర్ జీతమే మీకూ వస్తుందనుకుంటే ఇప్పటికన్నా నెలకు 14 వేలు ఎక్కువ. పెట్టింది తిరిగి రావడానికి దాదాపు ఆరేళ్లు. వడ్డీ కలిపితే ఇంకొంచెం. మీ వయసుకు ఆరేళ్లు పెద్ద సమస్య కాదు, పీజీ చేయండి అనే నేనంటాను. అదే ఫీజూ హాస్టలూ కలిపి 8 లక్షలయ్యే ప్రైవేటు కాలేజీలో అయితే ఎనిమిదేళ్లు దాటుతుంది. అది వద్దు.

ఇక యూకే. 30 లక్షల అప్పు రెండు విడతలుగా తీసుకుని, 11 శాతం వడ్డీతో రెండేళ్ల చదువూ ఆ తర్వాత ఏడాది గడువూ గడిచేసరికి బాకీ 38 లక్షలు దాటుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 52 వేల పైచిలుకు కిస్తీ. అక్కడ ఉద్యోగం దొరికితే కట్టగలరు. దొరక్క తిరిగొస్తే కడప జీతంతో ఆ కిస్తీ కట్టే దారే లేదు, పోయేది నాన్న ఇల్లు. పైగా చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి అక్కడ ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసాను 2027 జనవరి నుంచి రెండేళ్ల బదులు 18 నెలలకు తగ్గిస్తున్నారు.

కన్సల్టెన్సీ వాళ్లు మీకు చెప్పి ఉండని సంగతి ఒకటుంది. యూకేలో స్పీచ్ థెరపిస్టుగా పనిచేయాలంటే హెచ్‌సీపీసీ అనే సంస్థలో రిజిస్టర్ కావాలి. దానికి అక్కడే చదివి ఉండాలని లేదు. మన దేశంలో చదివి పనిచేసినవాళ్లు కూడా నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ చదువునూ అనుభవాన్నీ వాళ్లు పరిశీలించి నిర్ణయిస్తారు. ఇంగ్లిష్ మాత్రం గట్టిగా ఉండాలి. ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం మీద 8, ఏ విభాగంలోనూ 7.5కు తగ్గకూడదు. మాటతోనే పని కాబట్టి మిగతా వృత్తులవాళ్ల కన్నా స్పీచ్ థెరపిస్టులకు ఎక్కువ అడుగుతారు. కాబట్టి యూకే కోరిక బలంగా ఉంటే ముందు పరీక్ష ఫీజు మాత్రం ఖర్చు పెట్టి ఆ మార్కులు వస్తాయేమో చూసుకోండి. మైసూరు పీజీ, రెండు మూడేళ్ల అనుభవం తర్వాత ఆ దారి ఇంకా తెరిచే ఉంటుంది. ఒకవేళ అక్కడే చదవాలనుకున్నా, పేరులో స్పీచ్ ఉన్న ప్రతి కోర్సూ రిజిస్ట్రేషన్‌కు పనికిరాదు. హెచ్‌సీపీసీ ఆమోదించిన కోర్సుల జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. ఏజెంటు చూపించిన బ్రోచర్‌లోని పేరు అందులో ఉందో లేదో మీరే వెతకండి.

మైసూరు అంటే మీరు అనుకుంటున్నది 1965లో మొదలైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థే కదా. కేంద్ర ఆరోగ్య శాఖ కింద నడిచే సంస్థ, ఎంట్రన్స్ రాయాలి. స్టైపెండ్ విషయం ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి, వస్తే చేతి ఖర్చుకు పనికొస్తుంది. నా లెక్కలో మాత్రం దాన్ని కలపలేదు.

ఆ 4 లక్షలు విద్యారుణంగా మీ పేరు మీద తీసుకోండి. నాన్న సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. 7.5 లక్షల లోపు విద్యారుణానికి ప్రభుత్వ క్రెడిట్ గ్యారంటీ ఉంది కాబట్టి ఇల్లు గానీ నగలు గానీ తాకట్టు పెట్టనక్కర్లేదు. చదువుతున్నంత కాలం, ఆ తర్వాత ఏడాది దాకా కిస్తీ మొదలుకాదు. ఆ మూడేళ్లూ బారువడ్డీ లెక్కన పడుతుంది. ఏడాదికి 2 లక్షల చొప్పున తీసుకుంటే 10 శాతం లెక్కన మూడేళ్లకు పోగయ్యే వడ్డీ సుమారు లక్ష. ఈ లక్షను మిగుల్చుకునే వీలుంది. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపుంటే వృత్తి విద్యా కోర్సులకు ఆ కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. నాన్న జీతం ఏడాదికి 2.16 లక్షలే. మీ జీతం కూడా కలిపి చూస్తే 5 లక్షలు దాటుతుంది, కాబట్టి ఆదాయంలో ఎవరెవరిది లెక్క వేస్తారో బ్యాంకులో ముందే అడగండి. ఆదాయ ధ్రువపత్రానికి సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. ఈ రాయితీ ఒక మనిషికి ఒక్కసారే, డిగ్రీకి గానీ పీజీకి గానీ. మీ డిగ్రీ చీటీ డబ్బుతో అయిపోయింది కాబట్టి మీ అవకాశం ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. 4.5 దాటి 8 లక్షల లోపైతే 2024లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. మీ సంస్థ, కోర్సు ఆ జాబితాల్లో ఉన్నాయో లేదో కూడా అప్పుడే అడిగేయండి.

రాయితీ వస్తే 4 లక్షల మీద ఏడేళ్లకు కిస్తీ 6,640 రూపాయలు, రాకపోతే 5 లక్షల మీద 8,300. జీతం 38 వేలొస్తే రెండూ కట్టగలిగినవే. ఆదాయపన్నులో విద్యారుణం వడ్డీకి మినహాయింపు ఉంది గానీ అది పాత పన్ను విధానంలోనే. ఆ జీతానికి కొత్త విధానంలో పన్నే ఉండదు కాబట్టి దాని గురించి ఆలోచించకండి.

కొట్టు యజమాని రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 4 లక్షలకు నెలకు 8 వేలు. పీజీ పూర్తయ్యే రోజుకు 1.92 లక్షలు వడ్డీయే కట్టి ఉంటారు, అసలు నాలుగు లక్షలూ అట్లాగే ఉంటుంది. పైగా జీతమిచ్చే మనిషే అప్పిచ్చిన మనిషైతే నాన్న ఆ కొట్లో నోరెత్తలేడు. ఆయన మంచి మనసుతోనే ఇస్తానని ఉండొచ్చు, అయినా వద్దు.

మీ ఉత్తరంలో మీరు అడగని ప్రశ్న ఒకటుంది, నాకు అదే ముఖ్యంగా కనిపించింది. మీరు ఇంట్లో ఇస్తున్న 10 వేలు ఆగిపోతే ఆ రెండేళ్లు ఇల్లెట్లా గడుస్తుంది? 18 వేలతో ముగ్గురు, అందులో ఒకరు కాలేజీ. చాలా ఇళ్లల్లో అమ్మ నగలు బ్యాంకుకు చేరేది ఇక్కడే. ఫీజుకు కాదు, నెలాఖరు సరుకులకు. ఏడాదికోసారి వడ్డీ కట్టి మార్చుకుంటూ, ఒక ఏడాది కట్టలేక వేలం నోటీసు దాకా వెళ్లిన ఇళ్లు నేను చూశాను.

కాబట్టి మీ ఆర్‌డీని ఫీజుకు పెట్టకండి, అది ఇంటికి. కోర్సు మొదలయ్యేలోగా ఇంకా తొమ్మిది నెలలు కట్టగలిగితే 2.14 లక్షలవుతుంది. దాన్ని అమ్మ పేరు మీద వేరే ఖాతాలో వేసి నెలకు 8,500 చొప్పున ఇంటికి బదిలీ అయ్యేట్టు బ్యాంకులో చెప్పేయండి. ఇప్పుడిస్తున్న దానికన్నా 1,500 తక్కువ, ఆ మేరకు ఇల్లు సర్దుకోవాలి. మీ వంతు మీరు మైసూరులో ఉండి కూడా ఇస్తున్నట్టే. ఆ రెండేళ్లలో తమ్ముడి డిగ్రీ కూడా అయిపోతుంది.

ఎఫ్‌డీని విరవకండి. ఇల్లూ బంగారమూ తీసేస్తే చేతిలో ఉన్న డబ్బు మీ ఇంటికి అదొక్కటే. మధ్యలో నాన్నకు ఒంట్లో బాగోలేకపోయినా, ఇంకేదైనా వచ్చినా అదే బ్యాంకులో ఎఫ్‌డీ మీద అప్పు తీసుకోండి, ఎఫ్‌డీ వడ్డీకి ఒకటి రెండు శాతం పైన దొరుకుతుంది. పెళ్లి మాట వస్తే మాత్రం, తల్లీ, విద్యారుణం మీ పేరు మీద ఉందనే సంగతి మొదటి మాటల్లోనే అవతలివాళ్లకు చెప్పండి. దాచిపెట్టాల్సిన విషయం కాదది.

సీటు వచ్చేదాకా ఉద్యోగం వదలకండి. ఈసారి రాకపోతే సెంటర్‌లో చేస్తూనే మరుసటి ఏడాది మళ్లీ రాయండి, ఆర్‌డీ ఇంకో 72 వేలు పెరుగుతుంది. రెండోసారీ రాకపోతే అప్పుడు నాకు మళ్లీ రాయండి. ఆ డబ్బుతో కడపలోనే ఒక చిన్న గది అద్దెకు తీసుకుని సాయంత్రాలు సొంత క్లినిక్ నడపడం ఎట్లాగో కూర్చుని లెక్క వేద్దాం.