బెల్‌ఫాస్ట్ పాత కేసులు: పార్లమెంటు కమిటీ చేతిలో ఉన్నదెంత?

ప్రశ్న: బ్రిటన్ పార్లమెంటులోని ఉత్తర ఐర్లండ్ వ్యవహారాల కమిటీ అల్లర్ల నాటి హత్యల గురించి విచారణలు జరుపుతుందని చదివాను. హంతకులెవరో అదే తేలుస్తుందా?
– లా విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: తేల్చదు. విడి కేసుల్లో తలదూర్చకపోవడం దాని నియమం. 1994లో పుట్టిన ఈ కమిటీలో ఉండేది ఎంపీలే. ఉత్తర ఐర్లండ్ వ్యవహారాలు చూసే లండన్ మంత్రి విధానం, ఖర్చు, పాలన దాని పరిధి. 1960ల చివర మొదలై 1998 శాంతి ఒప్పందం దాకా, ఐర్లండ్‌తో కలవాలనేవారికీ బ్రిటన్‌లోనే ఉండాలనేవారికీ మధ్య సాగిన హింసలో 3,500 మందికి పైగా చనిపోయారు. ఆ కేసుల దర్యాప్తు ఎవరికి అప్పగించారు, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని అడగడం వరకే కమిటీ పని.

ఆ అడగడం ఎంత దూరం వెళ్తుందో ఒక ఉత్తరం కథలో తెలుస్తుంది. 1982లో లండన్ హైడ్ పార్కులో ఐఆర్ఏ అనే సాయుధ సంస్థ పెట్టిన బాంబు పేలి నలుగురు సైనికులు చనిపోయారు. ఆ కేసులో జాన్ డౌనీ మీద విచారణ 2014 ఫిబ్రవరిలో అసలు వాదనల్లోకి వెళ్లకముందే ఆగిపోయింది. మీ కోసం పోలీసులు వెతకడం లేదంటూ 2007లో ప్రభుత్వం ఆయనకు ఉత్తరం ఇచ్చింది. లండన్ పోలీసులు మాత్రం వెతుకుతూనే ఉన్నారు. ఆ సంగతి ఉత్తర ఐర్లండ్ పోలీసులకు తెలిసినా ఉత్తరాన్ని ఎవరూ సరిదిద్దలేదు. రాతపూర్వకంగా భరోసా ఇచ్చి, దాన్ని నమ్మి బ్రిటన్ వచ్చినవాణ్ణి పట్టుకోవడం కుదరదని జడ్జి కేసు నిలిపేశారు. పరారీలో ఉన్న ఐఆర్ఏ అనుమానితులకు అలాంటి ఉత్తరాలు దాదాపు 190 వెళ్లాయని తర్వాత బయటపడింది.

కమిటీ ఈ ఉత్తరాల పథకాన్ని తవ్వి, 2015 జనవరిలో మాజీ ప్రధాని టోనీ బ్లెయిర్‌ను కూడా ప్రశ్నించి, మార్చిలో నివేదిక ఇచ్చింది. డౌనీ దోషా కాదా అన్న జోలికి పోలేదు. ఉత్తరాలు ఎవరు రాశారు, పేర్లు ఎవరు సరిచూశారు, 2010 నుంచి ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్‌ఫాస్ట్‌లో న్యాయశాఖ మంత్రిగా ఉన్న డేవిడ్ ఫోర్డ్‌కు ఎందుకు చెప్పలేదు అని నిలదీసింది. మా లెక్కలో కమిటీ అసలు బలం ఇదే. శిక్ష వేయలేదు గాని, ఫైలు నడిచిన దారిని బయటపెట్టగలదు.

ప్రశ్న: మరి అక్కడి పోలీసులు ఎవరికి జవాబు చెప్పుకోవాలి? లండన్‌కా, బెల్‌ఫాస్ట్‌కా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: ఎక్కువ భాగం బెల్‌ఫాస్ట్‌కే. పోలీసు, న్యాయ అధికారాలు 2010 ఏప్రిల్ 12న ఉత్తర ఐర్లండ్ శాసనసభ అయిన స్టోర్‌మాంట్ అసెంబ్లీకి బదిలీ అయ్యాయి. న్యాయశాఖను అసెంబ్లీ కమిటీ చూస్తుంది. పోలీస్ చీఫ్‌ను ప్రశ్నించేది మాత్రం పోలీసింగ్ బోర్డు. అందులో 19 మంది ఉంటారు. 10 మంది ఎమ్మెల్యేలు, 9 మంది పార్టీలతో పని లేకుండా నియమితులైనవాళ్లు. పోలీసులపై ఫిర్యాదులకు 2000 నుంచి విడిగా అంబుడ్స్‌మన్ ఉంది.

కాగితం మీద ఏర్పాటు బాగుంది. లోపం ఎక్కడంటే, అసెంబ్లీ కూలినప్పుడల్లా బోర్డు కాళ్లు విరుగుతాయి. 2017 జనవరిలో అసెంబ్లీ ఆగిపోగానే బోర్డుకు ఎమ్మెల్యేలు లేకుండా పోయారు. మళ్లీ పూర్తి బోర్డు కూర్చునేసరికి 2018 డిసెంబరు వచ్చింది, అదీ లండన్‌లో ప్రత్యేకంగా చట్టం చేశాక.

రెండో లోపం ఇంకా లోతైనది. జాతీయ భద్రత లండన్ చేతిలోనే ఉంది. ఉత్తర ఐర్లండ్‌లో ఆ నిఘా బాధ్యత 2007 నుంచి బ్రిటన్ అంతర్గత నిఘా సంస్థ ఎంఐ5ది. పాత కేసుల్లో చిక్కుముడి అంతా ఇన్‌ఫార్మర్ల దగ్గరే. ఫలానావాడు మావాడే అనీ అనరు, కాదనీ అనరు. అది ప్రభుత్వ విధానం. ఐఆర్ఏలో ఉంటూ బ్రిటన్ సైన్యానికి పనిచేసిన ‘స్టేక్‌నైఫ్’ అనే గూఢచారి కార్యకలాపాలపై సాగిన, కెనోవా అనే పోలీసు దర్యాప్తు 2024 మార్చిలో మధ్యంతర నివేదిక ఇచ్చింది. అతనివల్ల దక్కిన ప్రాణాలకన్నా పోయిన ప్రాణాలే ఎక్కువని రాసింది గాని, అతని పేరు రాయలేకపోయింది. ఈ గోడ దగ్గరికి వచ్చేసరికి బోర్డు, అసెంబ్లీ, కమిటీ అన్నీ ఒకచోటే ఆగుతాయి.

ప్రశ్న: బెల్‌ఫాస్ట్‌లో పీజీ చేస్తున్నాను. పాత కేసుల దర్యాప్తుపై కమిటీకి లిఖిత సాక్ష్యం పంపాలనుంది. భారతీయ విద్యార్థిని, నాకు వీలుంటుందా? ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?
– తెలుగు విద్యార్థి, బెల్‌ఫాస్ట్

జవాబు: పౌరసత్వంతో పని లేదు, పంపండి. ముందు కమిటీ వెబ్‌సైటులో ఆ విచారణ పేజీ తెరిచి, ఏయే ప్రశ్నలకు సమాధానం కోరుతున్నారో చూడండి. వాటిలో మీకు పట్టున్న ఒకటి రెండింటికే రాయండి. అన్నింటికీ తలా రెండు వాక్యాలు రాసిన పత్రం ఎవరికీ అక్కరకు రాదు. మొదట అర పేజీ సారాంశం, తర్వాత నంబర్లు వేసిన పేరాలు, మొత్తం 3,000 మాటలు దాటకుండా. నంబర్లు ఎందుకంటే నివేదిక రాసే సిబ్బంది ఫలానా పేరా అని ఎత్తి చూపడానికి. మీరెవరో, ఈ విషయంతో మీకేం సంబంధమో రెండు వాక్యాల్లో చెప్పండి. చివర ప్రభుత్వం ఏం చేయాలో స్పష్టంగా రాయండి. చాలామంది ఇక్కడే జావగారిపోతారు.

దెబ్బతినేది మూడు చోట్ల. ఒకటి, ఒకే కుటుంబం కేసు మొత్తం రాసి పంపడం. దాన్ని సాక్ష్యంగా తీసుకోరు. ఆ కేసువల్ల వ్యవస్థలో ఏ లోపం కనబడిందో రాస్తే తీసుకోవచ్చు. రెండు, కోర్టులో నడుస్తున్న కేసు. పార్లమెంటు దాని గురించి మాట్లాడకూడదన్నది 2001 నాటి తీర్మానం. అల్లర్ల నాటి మరణాల మీద చర్చకు స్పీకర్ మినహాయింపు ఇచ్చిన సందర్భాలున్నాయి, ఆ ధైర్యంతో మీరు మాత్రం ముందుకు దూకకండి. రాసేముందు కమిటీ క్లర్కును మెయిల్‌లో అడగండి. మూడు, తొందరపడి అదే పాఠాన్ని సోషల్ మీడియాలో పెట్టడం. కమిటీ స్వీకరించిన సాక్ష్యానికి పార్లమెంటరీ రక్షణ ఉంటుంది, మీ పోస్టుకు ఉండదు. పరువు నష్టం దావా పడితే మీరే చూసుకోవాలి. పేరు బయటికి రావద్దనుకుంటే పంపేటప్పుడే కోరాలి. ఒకసారి ప్రచురించాక వెనక్కి తీసుకోలేరు.

ప్రశ్న: కమిటీ వద్దని చెప్పినా ప్రభుత్వం చట్టం చేసేసిందట కదా. ఇక ఈ తతంగం ఎందుకు?
– పాఠకుడు, గుంటూరు

జవాబు: చేసేసిన మాట నిజమే. పాత కేసులకు స్వతంత్ర దర్యాప్తు విభాగం పెడతామని 2014 డిసెంబరులో స్టోర్‌మాంట్ హౌస్ ఒప్పందం కుదిరింది. 2020 మార్చి 18న మంత్రి ఒక లిఖిత ప్రకటనతో ఆ దారి వదిలేశారు. బాధిత కుటుంబాలను అడగకుండా ఏకపక్షంగా మలుపు తిరిగారని కమిటీ అదే అక్టోబరులో మధ్యంతర నివేదికలో తప్పుపట్టింది. పార్లమెంటు ఉభయ సభల మానవ హక్కుల సంయుక్త కమిటీ కూడా 2022 అక్టోబరులో, ప్రభుత్వం తెచ్చిన కొత్త బిల్లు యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడికకు నిలవడం కష్టమని హెచ్చరించింది. సభలో బలం ఉన్న ప్రభుత్వం రెండింటినీ పక్కనపెట్టింది. 2023 సెప్టెంబరు 18న చట్టం వచ్చింది. సహకరించిన నిందితులకు షరతులతో రక్షణ, పాత సంఘటనలపై కొత్త సివిల్ దావాలకు అడ్డుకట్ట, 2024 మే 1 నుంచి పాత మరణ విచారణలకూ అడ్డుకట్ట.

కానీ 2024 ఫిబ్రవరి 28న బెల్‌ఫాస్ట్ హైకోర్టు ఆ రక్షణ నిబంధన ఒడంబడికకు విరుద్ధమని తేల్చింది. ఐర్లండ్ ప్రభుత్వం అప్పటికే స్ట్రాస్‌బర్గ్‌లోని యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకెక్కింది. 2024 జులైలో ప్రభుత్వం మారింది, 2025 అక్టోబరులో కొత్త బిల్లు పార్లమెంటు ముందుకొచ్చింది. కమిటీ చట్టాన్ని ఆపలేకపోయింది. అయితే, ఇలా అవుతుందని మాకెవరూ చెప్పలేదు అనడానికి ఇప్పుడు ఏ మంత్రికీ వీల్లేదు. అంతకుమించి ఆశించడం అత్యాశే.

మీకు తీరిక ఉంటే నివేదికకన్నా దానికి ప్రభుత్వం ఇచ్చే జవాబు చదవండి. రెండు నెలల్లో ఇవ్వాలన్నది ఆనవాయితీ. ప్రతి సిఫార్సు కింద ఒప్పుకుంటున్నారా, కాదంటున్నారా, ‘పరిశీలిస్తాం’ అని జారుకున్నారా అన్నది చూస్తే చాలు.

ప్రశ్న: మన దగ్గర ఇలాంటి కమిటీ లేదా?
– పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఉంది. హోం వ్యవహారాల స్థాయీ సంఘం 1993 నుంచి పనిచేస్తోంది. లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10 మంది సభ్యులు. అయితే దైనందిన పాలన జోలికి పోకూడదని నిబంధన ఉంది, పోలీసు రాష్ట్ర జాబితాలోది, సమావేశాలు తలుపులు మూసుకుని జరుగుతాయి, జవాబు చెప్పడానికి సాధారణంగా వచ్చేది కార్యదర్శే. బ్రిటన్ పార్లమెంటు ఉన్న వెస్ట్‌మినిస్టర్‌లో మాత్రం మంత్రే కెమెరాల ముందు కూర్చుంటారు.