సెల్ఫ్ తిరుగుతుంది, స్పార్క్ రాదు

ప్రశ్న: మాది పాయింట్ల ఇగ్నిషన్ (కలిసి విడిపోయే రెండు లోహపు కొసలతో స్పార్క్ పుట్టించే పద్ధతి) ఉన్న నాలుగు సిలిండర్ల పాత కారు. 12 వోల్టులు, నెగటివ్ ఎర్త్ (బ్యాటరీ మైనస్‌ను కారు బాడీకి కలిపింది). మూడేళ్లు షెడ్డులో కదలకుండా ఉంది. సెల్ఫ్ జోరుగానే తిరుగుతోంది కానీ ప్లగ్గుల్లో స్పార్క్ అసలు లేదు. కొత్త పాయింట్లు, వాటి దగ్గర మంటలు రాకుండా ఆపే కొత్త కండెన్సర్ వేశాను. లాభం లేకపోయింది. ఇక 12 వోల్టులను స్పార్క్‌కు సరిపడా పెంచే కాయిల్ మార్చమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. ఇలాంటి బండ్లలో కాయిల్ చెడిపోవడం తక్కువ, అనుమానంతో మార్చి పారేయడం ఎక్కువ. ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. 12 వోల్టుల, 3 నుంచి 5 వాట్ల బల్బుకు రెండు వైర్లు కట్టుకోండి. ఒక కొసను కాయిల్ మీద డిస్ట్రిబ్యూటర్ (పాయింట్లు ఉండే, స్పార్క్‌ను ప్లగ్గులకు పంచే డబ్బా) వైరు బిగించిన టెర్మినల్‌కి, అంటే మీ కారులో మైనస్ గుర్తున్న దానికి, రెండో కొసను ఇంజన్ బాడీకి తగిలించండి. ఇగ్నిషన్ ఆన్ చేసి ఎవరిచేతనైనా సెల్ఫ్ కొట్టించండి. పాయింట్లు విడినప్పుడు బల్బు వెలగాలి, కలిసినప్పుడు ఆరాలి. అలా మిణుకు మిణుకుమంటూ ఉంటే బ్యాటరీ నుంచి పాయింట్ల దాకా లైను పనిచేస్తున్నట్టే. ఇక వెతకాల్సింది కండెన్సర్, కాయిల్ లోపలి హైటెన్షన్ (సెకండరీ) చుట్టలు, రోటర్ (డిస్ట్రిబ్యూటర్‌లో తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకు స్పార్క్ అందించే ముక్క), క్యాప్ (డిస్ట్రిబ్యూటర్ మూత), ప్లగ్గు వైర్లలో.

బల్బు ఆరకుండా వెలుగుతూనే ఉందంటే కరెంటు పాయింట్ల గుండా ఎర్త్ కావడం లేదు. కొత్త పాయింట్లకు తుప్పు పట్టకుండా పూసే నూనె పొర తుడవకుండా బిగిస్తే ఇలాగే అవుతుంది. జిడ్డు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకు) పాయింట్ల గ్యాప్ చూసినా అంతే. స్పిరిట్‌లో తడిపిన తెల్ల కాగితం ముక్కను పాయింట్ల మధ్య పెట్టి, మరక అంటకుండా వచ్చేదాకా లాగండి. పాత పాయింట్లయితే 400 నంబరు ఎమరీతో ఒకసారి రుద్దాక ఈ కాగితం పని తప్పనిసరి, ఎందుకంటే ఎమరీ పొడి కూడా కరెంటును ఆపుతుంది. అప్పటికీ ఆరకపోతే డిస్ట్రిబ్యూటర్ లోపలి ప్లేటును బాడీకి కలిపే చిన్న జడ వైరును, కాయిల్ నుంచి పాయింట్లకు వెళ్లే మెత్తటి వైరును వేళ్లతో లాగి చూడండి. పైతొడుగు బాగానే కనిపిస్తుంది, లోపల రాగి పోగులు తెగి ఉంటాయి.

బల్బు అసలు వెలగకపోతే దాని కొసను కాయిల్ ప్లస్ టెర్మినల్‌కి మార్చండి. అక్కడా వెలగకపోతే లోపం స్విచ్‌లోనో, అక్కడి నుంచి వచ్చే వైరులోనో ఉంది. వెలిగితే మైనస్ దగ్గర డిస్ట్రిబ్యూటర్ వైరు విప్పేసి, బల్బును మళ్లీ ఆ టెర్మినల్‌కే పెట్టండి. అప్పుడూ వెలగకపోతే కాయిల్ ప్రైమరీ చుట్ట (12 వోల్టులు వెళ్లే చుట్ట) తెగినట్టు. కొత్త కాయిల్ కొనాల్సింది అప్పుడే. వెలిగిందంటే మాత్రం డిస్ట్రిబ్యూటర్ లోపల ఏదో ఎర్త్‌కి తగులుతోంది.

పాయింట్లు మార్చాక కూడా స్పార్క్ లేదంటున్నారు కాబట్టి నా మొదటి అనుమానం ఈ చివరి దాని మీదే. పాయింట్ల స్ప్రింగు కూర్చునే చిన్న స్టడ్డు చూడండి. కండెన్సర్ వైరు కొస, కాయిల్ వైరు కొస రెండూ స్ప్రింగుకు తగలాలి. స్టడ్డుకు గానీ పైన బిగించే నట్టుకు గానీ తగలకూడదు. మధ్యలో టోపీ ఆకారంలో ఉండే ప్లాస్టిక్ బుష్ గొట్టం ఆ వైర్ల కళ్లలోంచి దిగాలి, నట్టు ప్లాస్టిక్ మీదే కూర్చోవాలి. వాషరు వరుస తప్పితే పాయింట్లు విడినా కరెంటు ఎర్త్‌కి పోతూనే ఉంటుంది. కొత్త కండెన్సరే లోపల షార్ట్ అయినా లక్షణం ఇదే. దాని వైరు విప్పి, వైరుకూ డబ్బాకూ మధ్య మీటరు పెడితే రీడింగు ఏమీ నిలవకూడదు.

గ్యాప్ మీ కారు మాన్యువల్ ప్రకారమే పెట్టండి. లూకాస్ కంపెనీ నాలుగు సిలిండర్ల డిస్ట్రిబ్యూటర్లు చాలావాటికి 0.35 నుంచి 0.40 మి.మీ. పాయింట్లను విడదీసే ఫైబర్ మడమ, తిరిగే క్యామ్ ఎత్తు మీద ఉన్నప్పుడే కొలవాలి.

బల్బు మిణుకుతున్నా స్పార్క్ లేదా? క్యాప్ తీసి సెల్ఫ్ కొట్టించి పాయింట్లను చూడండి. పెద్ద నీలి మంటలు వస్తుంటే కండెన్సర్ లోపల తెగిపోయింది. 0.2 మైక్రోఫారడ్ అటూఇటూ ఉన్న మరో మంచి కండెన్సర్‌ను బయట నుంచే తాత్కాలికంగా కలిపి చూడవచ్చు. కాయిల్‌ను కొలవాలంటే వైర్లన్నీ విప్పాలి. బ్యాలస్ట్ (కాయిల్‌కు వెళ్లే వోల్టేజీని తగ్గించే రెసిస్టర్) లేని 12 వోల్టుల కాయిల్ ప్రైమరీ సుమారు 3 ఓమ్‌లు, సెకండరీ కొన్ని వేల ఓమ్‌లు చూపాలి.

పరీక్షల మధ్యలో ఇగ్నిషన్ ఆన్‌లో వదిలేయకండి. పాయింట్లు కలిసి ఉన్న చోట ఇంజన్ ఆగితే కాయిల్ గుండా 4 ఆంపియర్లు ఆగకుండా పోతాయి, మంచి కాయిల్ కూడా కాలిపోతుంది. పెట్రోలు వాసన వస్తుంటే ఏ స్పార్క్ పరీక్షా వద్దు.

ప్రశ్న: కాయిల్ నుంచి వచ్చే లావు వైరును ఇంజన్ బ్లాకుకు దగ్గరగా పెడితే స్పార్క్ టపటపా కొడుతోంది. ప్లగ్గుల్లో మాత్రం ఒక్కదానికీ రావడం లేదు. ఎందుకు?

జవాబు: నాలుగు ప్లగ్గులూ ఒకేసారి పోవు. రోటర్‌నో, క్యాప్ మధ్యలోని కార్బన్ ముక్కనో అనుమానించండి. క్యాప్ తీసి, రోటర్ తన చోటే ఉండగా, ఆ లావు వైరును ఇన్సులేటెడ్ ప్లయర్‌తో పట్టుకుని రోటర్ నడినెత్తి ఇత్తడికి 3 మి.మీ. ఎత్తులో ఉంచండి. ఇగ్నిషన్ ఆన్ చేసి, కలిసి ఉన్న పాయింట్లను చెక్క పుల్లతో విడదీయండి. రోటర్ మంచిదైతే స్పార్క్ దూకకూడదు, ఒకవేళ వచ్చినా ఒక్క చిటుకుతో సరి. ప్రతిసారీ గట్టిగా దూకుతోందంటే బేకలైట్‌ను తొలుచుకుని కింది షాఫ్ట్‌లోకి పోతోంది. కంటికి కనబడే పగులు ఉండనక్కర్లేదు. రోటర్ బాగుంటే క్యాప్‌ను తిరగేసి చూడండి. మధ్య కార్బన్ వేలితో నొక్కితే లోపలికి పోయి తిరిగి లేవాలి. టెర్మినళ్ల మధ్య పెన్సిల్ గీతలా నల్లటి చార కనిపిస్తే గీకి లాభం లేదు, క్యాప్ మార్చాల్సిందే.

ప్రశ్న: సెల్ఫ్ తిరిగినంతసేపూ స్పార్క్ ఉండదు, తాళం వదిలిన క్షణంలో ఒక్కసారి ఇంజన్ అందుకోబోయి ఆగిపోతుంది.

జవాబు: సెల్ఫ్ కొట్టేటప్పుడు కాయిల్‌కు కరెంటు అందడం లేదు. సెల్ఫ్ తిరుగుతుండగా కాయిల్ ప్లస్ దగ్గర వోల్టేజీ చూడండి. సున్నా అయితే స్విచ్ స్టార్ట్ కాంటాక్టులోనో, బ్యాలస్ట్‌ను దాటవేసే వైరులోనో లోపం. 8 వోల్టుల లోపు ఉంటే బ్యాటరీనే కొలవండి. బ్యాటరీ కూడా 9.6 కంటే కిందికి పడిపోతుంటే దాన్ని ఛార్జి చేయండి, లగ్గులు (బ్యాటరీ వైర్ల కొసల బిగింపులు) విప్పి మెరిసేదాకా గీకి బిగించండి, ఇంజన్‌ను ఛాసిస్‌కి కలిపే ఎర్త్ పట్టీని కూడా.