ఒకరికి జలుబొస్తే వరుసంతా పడుతోందా? ఏసీ సర్వీసింగ్‌తో తగ్గదు

మీ ఆఫీసులో ఏసీ సర్వీస్ చేయించినా, సీట్లు దూరం జరిపినా ఒకరి దగ్గు వరుసంతా అంటుకుంటోందా? చాలావరకు కారణం బయటి గాలి రాకపోవడమే. మామూలు స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే చల్లబరిచి మళ్లీ మీ మీదికే వదులుతుంది. 2020లో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒక రెస్టారెంట్‌లో ఏసీ గాలి తగిలే మూడు టేబుళ్ల వాళ్లకు కోవిడ్ ఇలాగే సోకింది.

1. ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, దానికి ఎదురు వైపు కిటికీ నాలుగు వేళ్ల సందు తెరవండి. చాలామంది వదిలేసేది ఇదే. అన్నీ మూసేస్తే ఫ్యాన్ తిరుగుతుందే తప్ప గాలి సరిగా మారదు. సందు దగ్గర టిష్యూ కాగితం పట్టుకోండి, లోపలికి వంగాలి. ఫ్యాన్ పక్క కిటికీ తెరిస్తే లాభం లేదు, వచ్చిన గాలి వచ్చినట్టే పోతుంది.

2. అందరూ ఉన్న సమయంలో సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) మీటర్ పెట్టి చూడండి. మనం వదిలిన ఊపిరి గదిలో ఎంత పేరుకుందో అది చూపిస్తుంది. బయట సుమారు 420 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 420 భాగాలు) ఉంటుంది. లోపల 800 దాటకుండా చూసుకోండి.

3. కిటికీలు తెరుచుకోని బిల్డింగ్ అయితే గదికి సరిపడే హెపా ప్యూరిఫయర్ (చాలా సన్నటి కణాలను కూడా పట్టే ఫిల్టర్ ఉన్న గాలి శుద్ధి యంత్రం) పెట్టించండి. దాంతో సీఓ2 రీడింగ్ తగ్గదు, టెన్షన్ పడకండి. వైరస్ ఉన్న తుంపరలను మాత్రం పట్టేస్తుంది.