టెక్ సందేహాలు: చెంచాల బుట్టలో చెక్క గరిటె

ప్రశ్న: డిష్‌వాషర్ కొని రెండు నెలలైంది. గిన్నెలు బాగానే కడుగుతోంది గానీ చెంచాల దగ్గరే పేచీ. కొన్నిటి గుంటలో మెతుకు అట్నే ఎండిపోయి ఉంటోంది. ఒక్కోసారి లోపల టక్ టక్‌మని చప్పుడు. మా అత్తగారేమో ఉదయగిరి చెక్క గరిటెలు కూడా అందులోనే వేసేద్దామంటున్నారు. వేయొచ్చా?
- ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: ముందు ఆ గరిటెలు పక్కన పెట్టండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. ఈ పాఠం నాకు ఒక గరిటె ఖరీదుకు వచ్చింది. మొదటి విడతకే దాని నున్నదనం పోయి ఒళ్లంతా నూగు లేచింది. మూడో విడతకు పిడి దగ్గర వెంట్రుకంత చీలిక. నెల తిరిగేసరికి ఆ చీలికలో పసుపు చేరి కూర్చుంది. చెక్క వేడినీళ్లు తాగి ఉబ్బుతుంది, చివర్లో ఆరబెట్టే వేడికి ముడుచుకుంటుంది. రోజూ ఇదే తంతయితే ఏ చెక్కయినా పగలక ఏం చేస్తుంది? జీఐ (ఆ ఊరి సొంత సరుకన్న) గుర్తింపు ఉన్న సరుకు అది, చేత్తో చెక్కిన పని. చేత్తోనే కడిగి, తుడిచి, నీడన ఆరబెట్టండి.

ఇక మెతుకు సంగతి. మెషీన్‌కు చెయ్యి లేదు, పీచూ లేదు. దాని బలమంతా నీటిధారే. ధార తగిలిన చోట శుభ్రం, తగలని చోట మురికి. ఒకే సైజు చెంచాలన్నీ ఒకే గదిలో గుచ్చితే ఒకదాని ఒడిలో ఒకటి ఒదిగి కూర్చుంటాయి, మధ్యలోకి చుక్క నీరు పోదు. పెద్దవీ చిన్నవీ కలిపి, కొన్ని తలపైకి, కొన్ని తలకిందికి పెట్టండి. బుట్టకు చిల్లుల మూత ఇచ్చి ఉంటే దాన్ని అటక మీద పారేయకుండా వాడండి, చెంచాలను విడివిడిగా నిలబెట్టడానికే అది ఉంది. కత్తులు మాత్రం ఎప్పుడూ మొన కిందికే. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఫోర్కులూ అంతే.

టక్ టక్ చప్పుడంటారా, సన్నటి టీ చెంచా బుట్ట అడుగు చిల్లులోంచి జారి, కింద నీళ్లు చిమ్ముతూ తిరిగే రెక్కకు తగులుతూ ఉంటుంది. లేదా పప్పు గరిటె పొడుగెక్కువై పై రెక్కను అడ్డుకుంటోంది. రెక్క తిరగకపోతే ఆ అరలో సామానంతా సగం సగమే. పొడుగు గరిటెలు, అట్లకాడలు పై అరలో అడ్డంగా పడుకోబెట్టండి. తలుపు మూసేముందు రెండు రెక్కలనూ వేలితో ఒక చుట్టు తిప్పి చూడండి, అరనిమిషం పని. ఇనుప అట్లకాడ మాత్రం వద్దు, దాని తుప్పు మచ్చలు పక్కనున్న స్టీలు చెంచాలకూ అంటుకుంటాయి. పాపాయి వెండి చెంచాను కూడా స్టీలుకు ఆనించి పెట్టకండి, మచ్చపడుతుంది.

పైన మూడో అర ఉన్న మోడల్ అయితే చెంచాలు ఒక్కొక్కటిగా పడుకోబెట్టొచ్చు, ఒదిగి కూర్చునే గొడవే ఉండదు. కాకపోతే మన లోతు గరిటెలు దాన్లో పట్టవు. ఆ అర కోసమే ఎక్కువ డబ్బు పెట్టి కొనాలా అంటే, మన వంటింటికి అక్కర్లేదంటాను.

ప్రశ్న: మాది బోరు నీళ్లు. గాజు గ్లాసుల మీద తెల్లటి పొర. డిష్‌వాషర్ ఉప్పు బదులు కల్లుప్పు వేయొచ్చా? ఈ మెషీన్‌లో ఫ్లోరైడ్ కూడా పోతుందా?
- కనిగిరి నుంచి ఒకరు

జవాబు: చివరిదానికి ముందు చెబుతా: పోదు. లోపలున్న రెజిన్ పూసలు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని సోడియంను వదులుతాయి, అంతే. ఫ్లోరైడ్ జోలికి పోవు.

ఆ పూసలు నిండిపోయాక వాటిని కడిగి మళ్లీ పనికి సిద్ధం చేయడానికే ఉప్పు. నెల్లూరు జిల్లా ఇస్కపల్లి కొఠార్ల (ఉప్పు మడుల) ఉప్పు పచ్చళ్లకు దివ్యంగా ఉండొచ్చు, దీనికి మాత్రం పనికిరాదు. వానాకాలంలో కల్లుప్పు చెమ్మగిల్లుతుందే, దానికి ముఖ్య కారణం అందులోని మెగ్నీషియమే. మెషీన్ వదిలించుకోవాలని చూసేదీ దాన్నే! పైగా మట్టి, ఇసుక. అయొడిన్ ఉప్పులో గడ్డకట్టకుండా కలిపే పొడులుంటాయి, అవీ పడవు. డిష్‌వాషర్ ఉప్పే కొనండి. పోసేటప్పుడు చుట్టూ ఒలికితే స్టీలు తింటుంది కనుక పోసిన వెంటనే ఒక విడత నడపండి. మూత బిగించారో లేదో కూడా చూసుకోండి, వదులైతే ఉప్పునీరు లోపలికి కారి గిన్నెల మీద తెల్లగా పేరుకుంటుంది.

గ్లాసు మీద నిమ్మచెక్క రుద్దండి. పొర పోతే అది సున్నం. మాన్యువల్ చూసి మెషీన్‌లో హార్డ్‌నెస్ (నీటి కఠినత్వం) అంకె పెంచండి, రిన్స్ ఎయిడ్ (మరకల్లేకుండా ఆరడానికి పోసే ద్రవం) నింపండి. పోకపోతే గాజే అరిగిందని అర్థం. దానికి మందు లేదు.

ప్రశ్న: చేపల పులుసు వండిన మర్నాడు మెషీన్ తలుపు తీస్తే నీచు వాసన. ముందే కుళాయి కింద కడిగి పెట్టాలా?
- ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: కడగొద్దు, గీకండి. 13 మంది సామాను పట్టే మెషీన్ ఎకో ప్రోగ్రామ్‌లో విడత మొత్తానికీ వాడే నీళ్లు సుమారు 10 లీటర్లు. కుళాయి కింద మీరు అంతకంటే ఎక్కువే పారబోస్తారు. ముళ్లు, కరివేపాకు, చింతపండు పిప్పి చెత్తబుట్టలో వేస్తే చాలు. వాసన అడుగునున్న ఫిల్టర్‌లోంచి వస్తోంది. దాన్ని తిప్పి బయటికి లాగండి, ఆవాలు ఎన్ని దొరుకుతాయో మీరే చూస్తారు. వారానికోసారి పాత టూత్‌బ్రష్‌తో కడగండి. పులుసు గిన్నెలకు 65-70 డిగ్రీల ఇంటెన్సివ్ ప్రోగ్రామ్ పెట్టండి. పులుసు మట్టి చట్టిలో కాస్తారా? చట్టిని లోపల పెట్టకండి, అది సబ్బునీళ్లు పీల్చుకుంటుంది. తర్వాతి పులుసులో ఆ రుచి తెలుస్తుంది.

అయ్యాక ముందు కింది అర ఖాళీ చేయండి. పై అర ముందు లాగితే గ్లాసుల అడుగున నిలిచిన నీళ్లు ఆరిన పళ్లాల మీద పడతాయి.