కరోనా లాక్‌డౌన్, క్వారంటైన్ కాలం ఉద్యోగం చేసే మహిళల ఆరోగ్యంపై ఎలాంటి ప్రభావం చూపింది?

ఎక్కువగా దెబ్బతిన్నది మానసిక ఆరోగ్యమే. కరోనా మొదటి ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా ఆందోళన, డిప్రెషన్ సుమారు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో తెలిపింది. ఆ భారం మగవాళ్ల కన్నా ఆడవాళ్ల మీదే ఎక్కువ పడింది.

దీనికి నా దృష్టిలో అసలు కారణం వైరస్ భయం కన్నా ఇంటిపనే. బడులు మూతపడ్డాయి, సాయం చేసేవాళ్లు రాలేదు. ఆఫీసు పని, వంట, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు, పెద్దవాళ్ల సంరక్షణ, అన్నీ ఒకే ఇంట్లో, ఒకే సమయంలో. ఆఫీసుకు వెళ్లే దారిలో దొరికే కాస్త తీరిక కూడా పోయింది. (వర్క్ ఫ్రమ్ హోమ్ అంటే విశ్రాంతి అనుకున్నవాళ్లు బహుశా వంటగదిలోకి తొంగిచూసి ఉండరు.) నిద్ర తగ్గడం, మెడ, నడుం నొప్పులు, తమ వైద్య పరీక్షలను వాయిదా వేయడం చాలామందికి మామూలైపోయాయి.

నర్సుల పరిస్థితి వేరు. ప్రపంచవ్యాప్తంగా ఆరోగ్య, సంరక్షణ రంగ ఉద్యోగుల్లో దాదాపు 70 శాతం మహిళలే. గంటల తరబడి పీపీఈ కిట్లలో పనిచేసి, ఇంట్లోవాళ్లకు అంటుతుందేమోనని పిల్లలకు దూరంగా ఉండాల్సి వచ్చింది.

ఉద్యోగం పోయిన వాళ్లకు డబ్బు టెన్షన్ తోడైంది. గృహహింస ఉన్న ఇళ్లలోనైతే బయటికి వెళ్లే దారే మూసుకుపోయింది.

అందరికీ ఒకేలా జరగలేదు. ఇంటిపని పంచుకున్న కుటుంబాల్లో, ప్రయాణ బాధ తప్పిన కొందరికి ఆ రోజులు తేలిగ్గానే గడిచాయి.